జాకెట్ బట్ట లేని ఒడిబియ్యం

నా భార్య ఊపిరితిత్తుల్లో బత్తాయిలంత గడ్డలున్నాయని, వాటిని చూసి కరీంనగర్ డాక్టరే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడని చాలామందికి చెప్పాను. బత్తాయిలు కావు, శనగగింజలు. డాక్టరు లేచింది ఫ్యాను వేగం పెంచడానికి.

చాలా ఏళ్ల కిందట గడ్డలున్నాయని ఆమెకు గర్భసంచి తీసేశారు. ఈమధ్య దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయిస్తే ఛాతీలో మచ్చలు కనిపించాయి. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు.

"క్యాన్సర్ కాదు," అన్నాడు డాక్టరు. "పాత గర్భసంచి గడ్డలే. రక్తంల కొట్టుకొచ్చి ఇక్కడ కూసున్నయి. తీసే పని లేదు. ముట్లు ఆగిన వయసు గదా, ఇగ పెరగకపోవచ్చు. అప్పుడప్పుడు ఫొటో తీసి చూస్కుందాం."

"సంచే లేకపాయె, దాని గడ్డలెక్కడియి సారూ?" అని ఆమె అడిగింది.

"ఇల్లు కూలగొట్టినా కిరాయోళ్లు పోలేదే," అన్నాను నేను. డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆటో ఎక్కాక ఒకే మాట అంది: "క్యాన్సరైతెనన్న తమ్ముడు వస్తుండె."

ఆ తమ్ముడిది ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారం. వాళ్ల బాపు పోయాక చెల్క భూమి పంపకాల దగ్గర మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్లు పసుపు బియ్యం పోసి చీర, జాకెట్ బట్ట పెట్టే ఒడిబియ్యమూ ఆగింది. వాడకట్టులో ఎవరైనా ఒడి నింపుకుని వస్తే ఈమె తలుపు దగ్గరికి వేసుకునేది.

నేను ఫోన్ చేశాను. "బామ్మర్దీ, మీ అక్క గర్భసంచి గడ్డలు లంగ్స్ దాక పాకినయి. తియ్యరంట." ప్రతి మాటా నిజమే. క్యాన్సర్ కాదన్న ఒక్క మాట మాత్రం మింగాను.

ఆదివారం అతను భార్యతో దిగాడు. అక్కను పీట మీద కూర్చోబెట్టి దోసిళ్లతో బియ్యం పోస్తుంటే, ఆమె కొంగు రెండు చేతులా పట్టుకుని ఒక్క గింజ కింద పడనీయలేదు. పక్కన పెట్టిన చీర వేళ్లతో తడిమింది. పల్చటి పాలిస్టర్ చీర.

"జాకెట్ బట్టేది తమ్మీ?"

తమ్ముడి భార్య తల వంచుకుని, "ఇగ నువ్వు కుట్టించేదెప్పుడు, తొడిగేదెప్పుడు వదినా?" అంది.

నా భార్య నా వంక చూసింది. తర్వాత తమ్ముడి వంక. "నాకేమైంది? క్యాన్సర్ కాదన్నడు డాక్టరు. బావ చెప్పలే?"

అతని దోసిట్లో ఇంకా బియ్యం ఉన్నాయి. వాటిని ఒడిలో పోయలేదు. తిరిగి సంచిలో పోసుకున్నాడు.

"సస్తున్నవంటే వచ్చిన. ఊకెనే వస్తనా?" అని లేచాడు. గడప దగ్గర నావైపు తిరిగాడు. "నిజంగ సచ్చిననాడు ఇంకెవలతోనన్న ఫోన్ చేపియ్యి బావా. నువ్వు చేస్తే నమ్మ."

ఇద్దరూ మంచినీళ్లు కూడా ముట్టకుండా పోయారు.

ఆ రోజు ఆమె గంటసేపు గోడకు తల బాదుకుందని నా మిత్రులకు చెప్పాను. బాదుకోలేదు. సగం నిండిన ఒడితో అలాగే పీట మీద కూర్చుంది. కాసేపు దగ్గింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను.

"తమ్ముడు మస్తు బక్కగైండు," అంది. "మెడకాడ బొక్కలు తేలినయి. జూసినవా?"

నేను చూడలేదు. చూశానన్నాను.