అవ్వ కుర్చీ ముందు బ్రేకు

ఏడో తరగతిలో బడికీ నాకూ సంబంధం తెగిపోయింది; అటువైపు నుంచి బతిమాలడానికి ఒక్కరూ రాలేదు కాబట్టి లోపం ఎవరిదో మీరే తేల్చుకోవచ్చు. అలాంటి నన్ను బెంగళూరు పక్కన జిగణిలోని నా మెకానిక్ షెడ్డులో నలుగురు ‘సార్’ అంటారు. ఆ సారు మొన్న, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి వచ్చిన తాతల కాలపు అంబాసిడర్‌కు వెనక డ్రమ్ములు తీసేసి డిస్కు బ్రేకులు పెడుతూ, వాటికి పాత పైపులు అందవు గనుక కొత్త పైపు కొలిచి, కోసి, వంచి, చివరను సన్నాయి మూతిలా ముచ్చటగా విప్పి తలెత్తితే, అన్నిటికంటే ముందు పైపుకు తొడగవలసిన నట్టు బల్ల మీద తీరిగ్గా కూర్చుని ఉంది. విప్పిన మూతి మీదుగా నట్టు ఎక్కదు. మూతి కోసేసి మళ్లీ మొదలుపెట్టాలి. నలభై ఏళ్ల అనుభవం! పక్కన మూత తీసిన డబ్బాలోంచి బ్రేకాయిల్ వాసన, కాస్త తీపిగా కాస్త ఘాటుగా, ముక్కుకు తగిలేసరికి, ఇదే తప్పు మొదటిసారి చేసిన రోజు కళ్ల ముందుకొచ్చింది.

అప్పట్లో మా మేనమామ షెడ్డు బెంగళూరు నడిబొడ్డున కలాసిపాళ్యం వెనక సందులో, అవ్వ ఇంటి ముంగిట్లోనే ఉండేది. పాత బేరింగుల్లోంచి రాలిన ఉక్కు గుండ్లే మాకు గోలీలు. ఆయుధపూజ నాడు స్పానర్లకు పెట్టిన కుంకుమ దీపావళి దాకా మా చొక్కాలకు అంటుతూనే ఉండేది. చలికాలం వచ్చిందంటే సందు సందంతా చిక్కుడుకు చుట్టమైన అనపకాయల వాసన, నానిన గింజల్ని రెండు వేళ్ల మధ్య పితికితే పొట్టు చేతిలో మిగిలి పప్పు చెంగున ఎగిరి గిన్నెలో పడే చప్పుడు, సాయంత్రానికి పితికిన పప్పు చారు, వేడి రాగిసంగటి.

మామకు ఒక పద్ధతి ఉండేది. ఏ కారుకు బ్రేకు పని చేసినా గోడ ముందు ఇనుప కుర్చీ వేసి, అందులో తన తల్లిని, అంటే మా అవ్వను, కూర్చోబెట్టి, గేటు దగ్గర నుంచి తోలుకొచ్చి ఆమె మోకాళ్లకు మూరెడు దూరంలో ఆపేవాడు. “మా అమ్మ ముందర ఆగని బండిని ఇంగొకరి అమ్మ మీదికి పంపొచ్చునాప్పా?” అనేవాడు. అవ్వ తలెత్తేది కాదు. కారు వచ్చేది, ఆగేది, ఆమె గింజలు పితుకుతూనే ఉండేది.

బడి మానేసిన ఆ చలికాలమే మామ మొదటిసారి ఒక పైపును పూర్తిగా నా చేతికిచ్చాడు. పని కుదిరితే షెడ్డు, చెడితే మళ్లీ బడి. మూతి విప్పడం అద్భుతంగా కుదిరింది, నట్టు మాత్రం నేల మీదుంది. కోసేశాను. రెండోసారి మూతి ఇంకా అందంగా వచ్చింది, నట్టు మళ్లీ నేల మీదే. అదీ కోసి, మూడోసారికి నట్టు తొడిగేసరికి పైపు పొట్టిదైపోయింది. ఇంజను అదిరినా పైపు చిట్లకుండా దాని దగ్గర చక్కిలంలా ఒక చుట్టు చుట్టాలని మామ శాసనం; చుట్టడానికి పొడవేదీ? బట్టలారేసే తీగలా లాగి బిగించేసి, కోసేసిన మూతులు రెండూ అవ్వ పక్కనున్న పొట్టు కుప్పలో దాచేశాను. మామ పెడల్ తొక్కి చూశాడు, నిలబడింది. మేనల్లుడి తొలి పని అన్న మురిపెంలో బానెట్ ఎత్తి చూడలేదు.

కుర్చీ వేశారు. అవ్వ గిన్నెతో సహా వచ్చి కూర్చుంది.

“అవ్వా, లెయ్. ఈపొద్దు వద్దు,” అన్నాను.

“సుమ్నే ఊరుకోరా, గింజలు చెదురుతాయి.”

గేటు దగ్గర కారు కదిలింది. బడి గంట, మాస్టారి బెత్తం, ఆ పైపు, అవ్వ మోకాళ్లు, అన్నీ ఒకేసారి కనిపించి, ఎలా పరుగెత్తానో తెలియదు, కారుకు అడ్డంగా నిలబడి అరిచాను: “మామా, ఆపు! నట్టు మరిచిపోతి! ఒగసారి కాదు, రెండుతూర్లు! పైపు చాల్లేదు!”

మామ హ్యాండ్‌బ్రేకు లాగి దిగాడు. నేను చెంప సిద్ధం చేసుకున్నాను. అవ్వ రొంటిన దోపుకున్న రెండు ఇనుప ముక్కలు తీసి చూపించింది.

“ఇవేనారా? పొద్దుననే పొట్టులో దొరికినాయి. ఎప్పుడు చెప్తావా అని చూస్తా ఉంటి.”

మామ ముఖం పాలిపోయింది. “తెలిసే కూసుంటివామ్మా? వాడు చెప్పకపోతే?”

“చెప్పినాడు కదా,” అని అవ్వ ఇంకో గింజ పితికింది.

మామ కొట్టలేదు. బడికీ పంపలేదు. ఆ వారమంతా నట్టు తొడిగించి మూతి విప్పించాడు, అంతే.

ఇప్పుడు ఆ ముంగిలి మీద అపార్ట్‌మెంట్ లేచింది. మామ లేడు, అవ్వ లేదు, అనపకాయలు వలిచేసి ప్లాస్టిక్ సంచుల్లో అమ్ముతున్నారు, పితికే వేళ్లకు ఫోనే చాలుతోంది. ఇనుప కుర్చీ ఒక్కటే నా షెడ్డుకు చేరింది. అంబాసిడర్ పైపులన్నీ బిగించి, వాటిలో చేరిన గాలి తీసి, పెడల్ రాయిలా నిలబడ్డాక, అన్నం క్యారియర్ తెచ్చిన నా భార్యను, ఆమె మా మామ కూతురే, కుర్చీ చూపించి గొప్పగా పిలిచాను: “రా, కూసో. అవ్వ తర్వాత ఆ జాగా నీదే.”

ఆమె కుర్చీని చూసింది, కారును చూసింది, బల్ల మీద పడి ఉన్న కోసేసిన మూతులను లెక్కపెట్టింది. రెండు. మీకు ఒకటే చెప్పాను కదూ.

కొంగుతో కుర్చీ దుమ్ము దులిపి, గోడ ముందుకు లాగి, తాళాల కోసం చేయి చాచింది.

“నువ్వు కూసో బావా. బండి నేను తోల్తా.”