రెక్కలు కట్టిన పడవ

చెరువులో షికారుకొచ్చేవాళ్లు కాళ్లతో తొక్కే పడవలు బాగుచేసే మా బావకు నీళ్ల మీదే పగ. పడవను పట్టి వెనక్కి లాగేవి అవేనంటాడు. అందుకని ఆర్నెల్లు కూర్చుని ఒక పడవ అడుగున రెండు రేకు రెక్కలు బిగించాడు. వేగం అందుకుంటే అవి పడవను నీటిపైకి ఎత్తేస్తాయట. తీరా చెమటలు కక్కుతూ తొక్కితే పడవ అంగుళం కూడా లేవలేదు.

"రెక్కల వంపులో ఏదో తేడా ఉంది" అన్నాడు గట్టు దగ్గరికొచ్చి, రొప్పుతూ.

"తేడా వంపులో కాదు, మీ బొజ్జలో ఉంది. దిగండి" అంది అక్క. ఇరవై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కిన కాళ్లు ఆమెవి.

బావను దింపి తనే ఎక్కి తొక్కింది. నూరు గజాలు పోయేసరికి పడవ జానెడు పైకి లేచి, నీళ్లను తాకీ తాకనట్టు దూసుకుపోయింది. బావ గట్టు మీద గంతులేశాడు. అంతలో మలుపొచ్చింది. బట్ట మూల రాగానే మిషను ఆపి తిప్పడం అక్కకు అలవాటు. ఇక్కడా కాళ్లు ఆపేసింది. పడవ ధబ్బున నీళ్లలో కూలబడింది.

నిలువునా తడిసి గట్టుకొచ్చిన అక్క, బావను నోరు తెరవనివ్వలేదు.

"రెక్కలు బానే ఉన్నాయి. రేపట్నుంచి మిషను మీరు తొక్కండి. మీ కాళ్లకు బలం వచ్చేదాకా పడవ నాది."