గోల్‌కీపర్ని ముందే తీసుకోవద్దు

ఆ కాగితం రాసింది నేను. దాని అడుగున 'కమిటీ' అని వేశారు.

అన్యాయం ఇంతే. కానీ ఇంతే చెబితే, ఇదీ ఒక అన్యాయమేనా అంటారు. అందుకని మొదటి నుంచి చెబుతాను.

బహ్రెయిన్‌లోని మామీర్‌లో మా కంపెనీ వర్క్‌షాప్, దాని వెనకే క్యాంపు. నేను స్టోర్ కీపర్‌ని. బడిలో ఐదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు నేర్చుకున్నది సామాన్ పెట్టెల మీది అక్షరాల నుంచి, ఆ పెట్టెల్లో కుక్కి పంపిన పాత పేపర్ల నుంచి. ఎందుకో గానీ వాటిలో ఎక్కువగా ఆటల పేజీలే వచ్చేవి. ముడతలు సాఫు చేసుకుని ఇరవై ఏళ్ళు చదివాను. ఇంగ్లండులో ఏ ఫుట్‌బాల్ ఆటగాడు ఏ క్లబ్బు నుంచి ఏ క్లబ్బుకు మారాడో, ఎవరి మోకాలికి ఎన్నిసార్లు ఆపరేషన్ అయిందో అడగండి, ఇప్పటికీ చెబుతాను. క్యాంపంతా నన్ను 'స్టోర్ కాకా' అనేది. వంటమనిషి మలయాళీ, అతనిదీ అదే పిలుపు.

ఆ రోజుల్లోనే బహ్రెయిన్‌లో వారపు సెలవు శుక్ర, శనివారాలకు మారింది. ఇంగ్లండు మ్యాచులు మనకు శనివారం సాయంత్రం వస్తాయి. మెస్‌లో టీవీ ముందు కుర్చీలు చాలేవి కాదు. మరుసటి ఏడాది ఆగస్టులో మా సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ ఒక కొత్త ఆట తెచ్చాడు. గోదావరి జిల్లా మనిషి, ముప్పై దాటినవాడు, మాటకారి. పదిమంది చేరి ఇంగ్లండు ఫుట్‌బాల్ లీగు ఆటగాళ్ళ పేర్లలోంచి వంతులవారీగా ఒక్కొక్కరిని ఏరుకోవాలి. ఒకరు తీసుకున్న ఆటగాడు ఇంకొకరికి దొరకడు. తలా పదిహేనుమంది అయ్యేదాకా ఇలా సాగుతుంది. ఆ తర్వాత నిజం మ్యాచుల్లో వాళ్ళు గోలు కొడితే మనకు పాయింట్లు. ఈ ఏరుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారట.

ముందు ఒకసారి ఉత్తుత్తిగా ఆడి చూశాం. పదిమందిలో ఏడుగురు మనవాళ్ళే, క్రికెట్ తప్ప మరొకటి ఎరగనివాళ్ళు. మొదటి చుట్టులోనే ఆ ఏడుగురూ ఏడుగురు గోల్‌కీపర్లను పట్టుకున్నారు! నా గదిలో ఉండే వెల్డర్‌ని నిలదీశాను. జగిత్యాల వైపు మనిషి.

"వికెట్ల ఎనకాల మనిషి లేకుంటే ఆటెట్ల నడుస్తది కాకా?" అన్నాడు.

"గిండ్ల వికెట్లు ఏడున్నయిరా?"

"గోలుకు జాలీ వల ఉన్నది గద. దాని ముంగట ఒకడు ఉండాలె గద."

ఒళ్ళు మండింది. ఆ వారం మూడు రోజులు కూర్చుని, పాత డెలివరీ నోట్ల వెనక వైపు నాలుగు పేజీలు తెలుగులో రాశాను. కొత్తగా ఆడేవాళ్ళు ఏం చేయాలి, ఏం చేయకూడదు. గోల్‌కీపర్ని ముందే తీసుకోవద్దు. మంచి కీపరుకీ మామూలు కీపరుకీ ఏడాది మొత్తం మీద వచ్చే తేడా స్వల్పం, చివర్లో మిగిలినవాడు చాలు. గోల్స్ కొట్టేవాళ్ళు తక్కువ, వాళ్ళు ముందు అయిపోతారు. నీ వంతు చివర వచ్చిందని ఏడవద్దు. రెండో చుట్టు చివరివాడి నుంచి వెనక్కి తిరుగుతుంది గనక నీకు వరసగా ఇద్దరు దొరుకుతారు, జంటగా ఆలోచించుకుని కూర్చో. పెనాల్టీ ఎవరు కొడతారో చూడు. నీకు ఇష్టమైన క్లబ్బు నుంచే అందరినీ తీసుకోవద్దు. ఆ క్లబ్బు ఓడిన రోజు నువ్వూ మునుగుతావు. ఎవరిని తీసుకోబోతున్నావో మెస్‌లో పప్పు వడ్డించుకుంటూ బయటపెట్టవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివర రాశాను. 'ఆటగాణ్ణి తీసుకునే ముందు వాడి సెలవు ఎప్పుడో చూడు.' వచ్చే జనవరిలో ఆఫ్రికా దేశాల పోటీ ఉంది. పెద్ద పెద్ద ఆటగాళ్ళు నెల రోజులు సొంత దేశాలకు పోతారు. గల్ఫ్‌లో పనిచేసేవాడికి ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా? రెండేళ్ళకోసారి మనం సెలవు మీద పోతే మన మెషిన్ ఖాళీగా పడి ఉండదా? వాళ్ళకూ అంతే.

ఆ నాలుగు పేజీలూ ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చాను. కంప్యూటర్లో తెలుగు కొట్టడం క్యాంపులో అతనొక్కడికే వచ్చు. మర్నాడు చూద్దును కదా, మెస్ గోడ మీద హెల్మెట్ నోటీసు పక్కన నా కాగితం. అక్షరం మార్చలేదు. అడుగున మాత్రం 'కమిటీ'.

"కమిటీ అంటే ఎవలు?" అని అడిగాను.

"ఊరికే అండి కాకా. నోటీసన్నాక కింద ఏదో ఒకటి ఉండాలి కదా. హెల్మెట్ నోటీసు కిందా అదే వేశాను."

"హెల్మెట్ నోటీసు నేను రాయలే. ఇది నేను రాసిన."

"మారుద్దాం కాకా, మారుద్దాం."

"నా పేజీలు నాకియ్యి."

"టైపు అయిపోయింది కదండీ, పారేశాను. యల్లా, పదండి, డ్యూటీకి టైమైంది."

మార్చలేదు. రోజూ అన్నానికి పోయినప్పుడల్లా ముందు గోడ చూసేవాణ్ణి. రోజూ కమిటీయే. ఇన్‌స్పెక్టర్ నాకు ఎదురుపడితే చాలు, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు తిరిగేవాడు. అది చాలదన్నట్టు ఒక సాయంత్రం గదిలో వెల్డర్ నాకు పాఠం మొదలుపెట్టాడు.

"కాకా, నువ్వు గోల్‌కీపర్ని ముంగటనే తీసుకోకు. ఆఖర్ల తీస్కో."

"నాకు చెప్తున్నవా?"

"నీకు తెల్వదు కాకా. కమిటీ కాయితంల ఉన్నది."

"గది రాసింది నేను!"

వాడు నా వైపు జాలిగా చూశాడు. "ఏ, పో కాకా. గంత మంచిగ కంప్యూటర్ల కొట్టిన్రు. నువ్వు బోల్టులు లెక్కపెట్టుకో."

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

డ్రాఫ్ట్ శుక్రవారం మధ్యాహ్నం, మెస్‌లో భోజనాలయ్యాక. చీట్లు తీస్తే నా వంతు మూడోది. మొదటివాడు గోల్స్ కొట్టేవాణ్ణి తీసుకున్నాడు. రెండోవాడూ అంతే. తీసుకుని, "కమిటీ చెప్పినట్టే చేశాం" అంటూ ఇన్‌స్పెక్టర్ వైపు చూసి నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వుతో నా బుర్ర తిరిగింది. కమిటీ చెప్పినట్టు నేనెందుకు చేయాలి? లేచి నిలబడి గోల్‌కీపర్ పేరు చెప్పాను.

అందరూ బల్లలు చరిచి నవ్వారు.

"కాకా, గోడ మీది కాయితం చదువలేదా?" అని వెల్డర్ అరిచాడు.

ఇరవై ఏళ్ళ చదువును ఒక్క నిమిషంలో నా చేతులతో నేనే తగలబెట్టుకున్నాను. ఇక ఆ కాగితం నాదంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను.

ఎవరూ నమ్మలేదు. జనవరి రానే వచ్చింది. ఆఫ్రికా ఆటగాణ్ణి తీసుకున్నది ఎవరనుకున్నారు? ఆ వాక్యాన్ని స్వయంగా టైపు చేసిన ఇన్‌స్పెక్టరే. నెల రోజులు అతని జట్టు చతికిలబడింది. వెల్డర్ మాత్రం కాగితంలో ఉన్నది ఉన్నట్టు పాటించాడు. ఆటగాళ్ళందరి సెలవులూ వాళ్ళనూ వీళ్ళనూ అడిగి తెలుసుకుని మరీ ఏరుకున్నాడు. మే నెలలో గెలిచింది వాడే. ఆఖరు స్థానం నాది. మెస్‌లో బిర్యానీ వండించారు. వెల్డర్ నిలబడి, "గీ గెలుపు కమిటీది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టర్ తలవంచుకుని కోడి ఎముక వైపు చూస్తూ కూర్చున్నాడు. అది కాకా రాసిందని ఒక్క మాట అనలేదు. ఆ ఒక్క మాట కోసమే నేను అక్కడ కూర్చున్నాను.

ఆ ఏడాదే అతను కువైట్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. నేను ఊరుకోలేదు. అటు పోతున్న ఒక ఫిట్టర్ చేతికి ఉత్తరం ఇచ్చాను. ఒకటే ప్రశ్న: ఆ కాగితం కింద నా పేరు ఎందుకు వేయలేదు? కింద 'స్టోర్ కాకా' అని సంతకం చేశాను, ఎవరో ఏమిటో అని తికమక పడకూడదని. నెలలు గడిచాయి. అతను మరచిపోయాడనుకున్నాను, నేను మరచిపోలేదు. చివరికి కంపెనీ చిరునామాకు ఒక కవరు వచ్చింది. పైన 'స్టోర్ కీపర్' అని మాత్రం ఉంది. లోపల ఇది:

"కాకా గారికి నమస్కారమండి. తప్పు నాదే. ఆ రోజు టైపు చేస్తూ చేస్తూ, కింద మీ పేరు వేద్దామనే అడుగుదాకా వచ్చాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. మీ పేరు నాకు తెలియదండి. మూడేళ్ళు మీ దగ్గర గ్లౌజులు, సేఫ్టీ కళ్ళద్దాలు తీసుకుని, ఇప్పుడొచ్చి మీ పేరేంటని అడగడానికి మొహం చెల్లలేదు. పక్కవాళ్ళని అడిగితే వాళ్ళకీ తెలియదు. 'స్టోర్ కాకా' అని వేస్తే ఎగతాళి అనుకుంటారేమోనని భయమేసి కమిటీ అన్నాను. ఇక్కడ కొత్తగా ఆడేవాళ్ళ కోసం మళ్ళీ ఆ కాగితమే అంటించానండి. అడుగున జాగా ఖాళీగా వదిలిపెట్టాను. మీరేమో ఉత్తరం కింద కూడా స్టోర్ కాకా అనే రాశారు. ఈసారైనా పేరు రాసి పంపండి కాకా."