ఎదురు మంచె మీద మామ

పోయిన నెల కర్నూలులో కళ్ళ పరీక్షకు వెళ్ళాను. పెద్ద గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని, నడుమనున్న చుక్కనే చూస్తూ కూర్చోవాలి. చుట్టూ సన్నటి వెలుగులు వచ్చి పోతుంటాయి. కనబడినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి గానీ కన్ను తిప్పకూడదు. పరీక్ష అయ్యాక అక్కడున్న అమ్మాయి కాగితం చూసి, "మీ అంత కదలకుండా ఎవ్వరూ కూర్చోలేదు మేడం, యోగా చేస్తారా?" అని అడిగింది. చేస్తానన్నాను. అరవై నాలుగేళ్ళ రిటైరైన టీచరమ్మ, దుప్పుల వేటకు పోయి నేర్చుకున్నానమ్మా అంటే, ఆ పిల్ల నన్ను కంటి డాక్టరు దగ్గర్నుంచి పిచ్చి డాక్టరు దగ్గరికి పంపేది. అబద్ధం చెప్పి బయటపడ్డాను. ఇంటికొచ్చే ఆటోలో మాత్రం, చానాళ్ళకు, మా మామ నా ఎదురుగా కూర్చున్నట్టే ఉండింది.

మామ అంటే అమ్మకు అన్న. ఆయన ఊరు అహోబిలం కొండల కింద, అడవికి ఆనుకుని. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను మొగుడింటి నుంచి ఒక ట్రంకుపెట్టె తీసుకుని వచ్చేసి ఆ ఇంట్లో దిగాను. అప్పటికే అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. ఎందుకు వచ్చేశానన్నది వేరే సంగతి, దాని మీద ఇప్పుడు నాకే ఆసక్తి లేదు. ఊరికి మాత్రం శానా ఆసక్తి ఉండేది. బోరింగు దగ్గర బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. అంగడికి పోతే తూకం వేసేవాడు కూడా త్రాసును వదిలి నన్ను చూసేవాడు. అత్త, అంటే మామ భార్య, నన్నొక్క మాట అనలేదు గానీ, వచ్చినవాళ్ళంతా నా ముఖం చూడ్డానికే వస్తున్నారని తెలిసి కాఫీ పెట్టడం మానేసింది. ఒక సాయంత్రం నేను పెరట్లో ముడుచుకుని కూర్చుంటే మామ వచ్చి, "ఏమ్మే, ఎవురికీ కనపడకుండా కూచునే తావుకు పోదామా?" అన్నాడు. చావమంటున్నాడేమో అనుకున్నాను. ఆయన అన్నది చెట్టు మీదికి.

మామకు వెదురు విల్లు ఒకటి ఉండేది. కొండ మీది చెంచు స్నేహితుడొకాయన చేసిచ్చి, వేయడమూ నేర్పాడట. వేటాడకూడదని చట్టం అప్పటికే ఉంది. మామకు తెలియదని బుకాయించను, తెలిసే పోయేవాడు. ఏడాదికి ఒకటో రెండో కొట్టేవాడు. మిగతా రోజులన్నీ ఊరికే కూర్చుని వచ్చేవాడు. "పొయ్యేది కూచునేందుకే గానీ కొట్టేందుకు కాదు, ఈయనకి ఇల్లు పట్టదు" అని అత్త ఎత్తిపొడిచేది. అందులో నిజం లేకపోలేదు. వాగు పక్కన ఒక ముసలి ఇప్పచెట్టు ఉంది. దానికి రెండు వైపులా, ముప్ఫై అడుగుల ఎడంగా రెండు మద్దిమానుల మీద కట్టెలు పరిచి మంచెలు కట్టాడు. ఒకటి ఆయనకు, ఎదురుగా ఉన్నది నాకు. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారేసరికి చెట్టు కింద దుప్పులు చేరతాయి. అవి మనల్ని చూడకూడదు. మొత్తం విద్య అంతే.

చెప్పడానికి అంతే గానీ నేర్చుకోవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. మూడు రోజుల ముందు నుంచి సబ్బు లేదు, తలకు కొబ్బరినూనె లేదు, పూల సంగతి ఎత్తకూడదు. కట్టుకునే బట్టలు ఎండుటాకుల పొగలో ఆరేయాలి. చేతికి గడియారం ఉండకూడదు, అద్దం మెరుస్తుంది. చెట్టెక్కగానే మామ చిటికెడు బూడిద వేళ్ళ సందున జారవిడిచి గాలి ఎటు పోతోందో చూసేవాడు. గాలి ఇప్పచెట్టు వైపు మళ్ళితే మాట్లాడకుండా దిగి ఇంటికి వచ్చేయడమే. "ఈపు వెనకాల మాను ఉండల్ల పాపా, ఆకాశం ఉండకూడదు. ఆకాశం ఉంటే నువ్వు కాకి మాదిరి కనపడతావు" అనేవాడు. నడుముకు పంచె చుట్టి మానుకు కట్టుకునేవాళ్ళం, కునుకు పట్టినా పడకుండా.

అన్నిటికంటే కష్టమైనది దుప్పి వచ్చాక కూర్చోవడం. అది మహా దొంగ. అనుమానం వస్తే పారిపోదు, ముందుకాలితో నేలను టపటపా కొడుతుంది, మనం ఉలిక్కిపడతామేమోనని. పడకపోతే, మేతలో పడ్డట్టు తల వంచుతుంది. హమ్మయ్య అని మనం కాలు సర్దుకునే లోపల చటుక్కున తలెత్తుతుంది. "అది తల దించిందని నమ్మాకు. తోక ఆడిస్తాంటేనే నమ్ము. కండ్లల్లోకి చూడాకు, నీ చూపు దానికి తగులుతాది. కాళ్ళు చూడు" అని మామ చెప్పేవాడు. నేను మొదటిసారి తుమ్మాను. రెండోసారి చీమ కుట్టి తొడ గోక్కున్నాను. మూడోసారి ఏమీ చేయలేదని ఒట్టు పెట్టుకున్నాను గానీ, మంద మొత్తం 'కూ' అని అరిచి కొండెక్కింది. కిందికి దిగాక మామ, "నువ్వు కదల్లేదు మే. కదలల్ల అనుకున్యావు. దానికి తెలిసిపోయినాది" అన్నాడు. దుప్పి మనసు కూడా చదువుతుందా అని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఎంత నవ్వుకున్నా ఒకటి మాత్రం నిజం. ఊళ్ళో పగలంతా ఎవరో ఒకరు నన్ను చూస్తూనే ఉండేవాళ్ళు. ఆ చెట్టు మీద, లోకంలో అన్నిటికంటే చురుకైన కళ్ళు కూడా నన్ను చూడకుండా దాటిపోయే రోజు కోసం నేను కాచుకున్నాను. మాంసం మీద నాకు ఆశ లేదు, బాణం ఒక్కసారైనా వదల్లేదు. కనబడకుండా ఉండగలిగితే చాలు, ఇంకెవరికీ భయపడనక్కర్లేదని నాకెందుకో గట్టిగా అనిపించేది.

రెండో ఏడు ఇప్పపూల కాలం. ఫాల్గుణం, బహుళ పక్షం. చీకటి విడుస్తుండగా చెట్లెక్కి కట్టుకున్నాం. మామ బూడిద జారవిడిచి నా వైపు తల ఊపాడు. అదే మా మధ్య చివరి మాట అనుకోవాలి. మెల్లగా వెలుగు వచ్చింది. సూర్యుడు కొండ అంచు మీదికి వచ్చి మొదటి ఎండ మామ భుజం మీద పడ్డప్పుడు, ఒళ్ళో ఉన్న ఆయన కుడిచెయ్యి జారి మంచె పక్కన వేలాడింది. నేను చూశాను. స్పష్టంగా చూశాను. నన్ను అన్నిసార్లు తిట్టిన మనిషి తానే చెయ్యి వదిలేశాడే, నిద్రపోయినట్టున్నాడు, దిగాక ఈ మాటతో ఒక వారం ఆడుకోవచ్చు అనుకున్నాను. "మామా" అని పిలవబోయాను. అప్పుడే వాగు గట్టు మీద ఆకుల అలికిడి అయింది.

తల్లీ పిల్లా. తల్లి నేరుగా ఇప్పచెట్టు కిందికి వచ్చి తలెత్తి చూసింది. ముందు మామ వైపు చూసింది. వేలాడుతున్న ఆ చేతిని చాలాసేపు చూసింది. కాలితో నేలను కొడుతుందని నేను ఊపిరి బిగబట్టాను. కొట్టలేదు. తర్వాత నా వైపు తిరిగింది. నేను దాని మోకాళ్ళను చూస్తూ ఉండిపోయాను. తోక ఆడించి తల దించి పూలు తినడం మొదలుపెట్టింది. నన్ను చూడలేదు. ఆ సంతోషం ఎట్లాంటిదంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే ముందు ఆ సంతోషమే వస్తుంది, సిగ్గు దాని వెనక వస్తుంది. అందుకు నన్ను నేను క్షమించుకోలేను. తినడం అయ్యాక కూడా అవి పోలేదు. పిల్ల మామ చేతి కింద దాకా పోయి మానుకు ఒళ్ళు రుద్దుకుంది. మామ ఎంత బాగా కూర్చున్నాడో అనుకున్నాను. ఆయన రొమ్ము ఆడుతోందా లేదా అని చూడలేదు. చూడాలని తోచనే లేదు. ఊళ్ళోంచి ఆళ్ళగడ్డకు పోయే ఏడుగంటల బస్సు హారన్ వినబడింది. అది పోయిన చాలాసేపటికి దుప్పులు వాటంతట అవే వెళ్ళిపోయాయి.

"మామా, లెయ్. నీకంటే నేనే మేలు" అని అరిచాను. దిగి, ఆయన చెట్టెక్కాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. పంచె కట్టు ఆయన్ని మానుకు ఆనించి ఉంచింది. చంకలో చెయ్యి పెట్టి లేపబోతే అక్కడ ఇంకా వెచ్చగా ఉంది.

జనం వచ్చి దింపారు. ఊళ్ళో సూదులు వేసే ఆయన చెయ్యి పట్టి చూసి, "గుండె పట్టుకున్నాది. యింత ముందు తెచ్చింటే ఆళ్ళగడ్డకన్నా మోసుకుపోతాంటిమి" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. తర్వాత అయ్యవారు వచ్చారు. మా వైపు ఎవరు పోయినా మొదటి ప్రశ్న ప్రాణం పోయిన వేళ. తిథి దాన్ని బట్టే, ఏటేటా పెట్టే తద్దినం ఆ తిథిని బట్టే. అయ్యవారు పంచాంగం తెరిచి, "పొద్దున ఏడు దాకా దశమి, ఆ పైన ఏకాదశి. పక్కనున్నది నువ్వే కదమ్మా, ఏ వేళకు?" అని నన్ను అడిగారు. చెయ్యి జారింది ఎండ తగిలినప్పుడు, బస్సు హారన్‌కు ఎంతో ముందు. ఆ మాట చెబితే అప్పటి నుంచి నువ్వేం చేస్తున్నావని అడుగుతారు. "ఏడున్నరకు. నా కళ్ళ ముందే, ఒక్క నిమిషంలో" అన్నాను. ఏడుస్తున్న అత్త ఆగింది. అయ్యవారు వేలు పంచాంగం మీద ఆనించి, "ఏకాదశి గడియలు. అడవిలో జీవాలను కొట్టిన మనిషైనా పుణ్యాత్ముడమ్మా" అన్నారు.

నా అబద్ధం అక్కడితో ఆగి ఉంటే ఎట్లాగో మోసేదాన్ని. అది అత్తకు ఆధారమైపోయింది. దుప్పుల ఉసురు తగిలి పోయాడని ఊళ్ళో ఒకరిద్దరు అంటే, "ఏకాదశి సావు, ఎవురికొస్తాది?" అని అత్త వాళ్ళ నోళ్ళు మూయించేది. మామ కొడుకు, నాకంటే చిన్నవాడు, ఏటా ఏకాదశి నాడు పిండం పెట్టేవాడు. ఏటా కాకి వచ్చేది కాదు. గంటా రెండు గంటలూ మిద్దె మీద నిలబడి అత్త కా కా అని పిలిచేది. చివరికి ఆవుకు పెట్టి దిగొచ్చి, "మీ మామకు నా మీద ఏమో కోపముండాది పాపా" అనేది. నేను కర్నూలులో టీచరునయ్యాక, ఏటా దశమి నాడు ఎవరికీ చెప్పకుండా నా మిద్దె మీద ఒక విస్తరి పెట్టడం మొదలుపెట్టాను. వెంటనే కాకి వచ్చేది. కర్నూలు కాకులకు ఏం పెట్టినా వస్తాయిలే అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అయినా విస్తరి పెట్టి వెనక్కి తిరగ్గానే, ఎదుటి మిద్దె మీద ఎవరో కదలకుండా కూర్చుని నన్ను చూస్తున్నట్టు ఉండేది.

కళ్ళ పరీక్ష అయిన వారానికి ఆళ్ళగడ్డ వెళ్ళాను. అత్త అక్కడే కొడుకు దగ్గర ఉంటుంది. ఎనభై దాటింది, చెవులు మాత్రం నాకంటే చురుకు. వరండాలో శనక్కాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని, నేనూ నాలుగు ఒలిచి, మొత్తం చెప్పాను. చెయ్యి జారింది, ఎండ, తల్లీ పిల్లా, బస్సు హారన్. ఏ క్షణంలో పోయాడో నాకు నిజంగా తెలియదనీ, ఆ గంటలో బతికి ఉన్నాడేమోననీ, పిలవలేదనీ చెప్పాను. అత్త ఒలవడం ఆపలేదు. ఒకసారి మాత్రం, "అప్పుడు దశమా?" అని అడిగింది. కావచ్చన్నాను. ఇంకో గుప్పెడు ఒలిచి, "అయితే ఏటా ముందునాడే వచ్చి కూచోనింటాడు. కూచునేది మీ మామకు కొత్తా? ఇంగ నుంచి రెండునాళ్ళూ పెడదాములే" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇంత తేలిగ్గా పోయేదాన్ని ఇన్నేళ్ళు పట్టుకుని తిరిగానే అనుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అత్త పిలిచింది.

"ఆ తల్లి దుప్పి, అది నీ దిక్కు చూసెనా?"

"చూసింది అత్తా."

"నువ్వు కనపడితివా దానికి?"

"లేదు."

చేటలోని పొట్టు గాలికి చెరిగింది. నా ముఖం చూడకుండా, "అంత బాగ నేర్పినాడు నీకు" అంది.

నలభై ఏళ్ళుగా ఎవరూ నన్ను అంత మాట అనలేదు. ఆమె కోపంగా కూడా అనలేదు. బస్సులో కర్నూలు దాకా ఆ మాటే వింటూ వచ్చాను. ఏటా దశమి వస్తుంది, ఏకాదశి వస్తుంది, రెండూ దాటిపోతాయి. వాటి నడుమ ఉన్న ఆ ఒక్క గంట మాత్రం నాకు ఇంకా దాటలేదు.