హన్నమ్మక్క ఉప్పునీళ్లు

"ఈ నరం కూడా మూసుకుపోతే ఇంకెక్కడ పొడుస్తారక్కా?"

అడిగాడు జయరాజు, సత్తెనపల్లి హైస్కూల్లో సైన్సు మాస్టారు. నెలల పిల్ల అయిన అతని కూతురు న్యుమోనియాతో నరసరావుపేటలో ఒక నర్సింగ్‌హోమ్‌లో ఉంది. రెండు చేతులూ అప్పటికే వాచిపోయాయి. మందు వెళ్లే సన్నని ప్లాస్టిక్ గొట్టం ఇప్పుడు కాలికుంది. మందుకీ మందుకీ మధ్య అందులో నెత్తురు గడ్డకడితే పాపను మళ్లీ పొడవాల్సిందే.

నర్సు హన్నమ్మ పాప అరికాలికి చక్కిలిగిలి పెట్టింది. నూజెండ్ల నుంచి వచ్చి ఈ పనిలోనే తల నెరిసిన మనిషి. వార్డులో ఆడపిల్ల కనిపిస్తే చాలు, "ఏమే కోడలా" అంటుంది. ఆమెకు కొడుకు లేడు. కోడళ్లు మాత్రం పల్నాడంతా ఉన్నారు. సూది చేతిలోకి తీసుకుందంటే ఇక మాటలుండవు.

పక్క మంచం పెద్దాయనకు మందు వేసిన ప్రతిసారీ హెపారిన్ కలిపిన నీళ్లతో గొట్టం కడగడం జయరాజు చూశాడు. నెత్తురు గడ్డకట్టనివ్వని మందది. పాపకూ అదే వాడమని పట్టుబట్టాడు. సూదులు పడ్డచోటల్లా పాప ఒళ్లు నల్లగా కమిలిందని హన్నమ్మ డాక్టరుకు చూపించింది. ఆయన ఆలోచించి, ఆ మందు పడితే చర్మం కింద నెత్తురు ఇంకా కారొచ్చని, ఉత్త సెలైన్ చాలన్నాడు.

ఆ ఉప్పునీళ్లు నరంలో ఎందుకు మంటపెట్టవో చెప్పమని ఆమె జయరాజును అడిగింది. నెత్తుటికి సరిపోయేంత ఉప్పే అందులో ఉంటుందని మొదలుపెట్టి, బోర్డు మీద గీసినట్టు గాల్లో వేలితో గీస్తూ పాఠమంతా చెప్పాడు. పొద్దుటి నుంచీ అతను సూది సంగతి మరిచింది అప్పుడే.

సాయంత్రం సెలైన్ తోయబోతే సిరంజి కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తొయ్యమన్నాడు జయరాజు. ఆమె చెయ్యి ఆపేసి దుప్పటి తొలగించింది. పాప కాలు ఝాడిస్తే గొట్టం ఊడిపోతుందని అంతకుముందే అతను తన జేబురుమాలుతో మోకాలి కింద బిగించి మంచం పట్టీకి కట్టాడు.

"కోడలా, మీ నాన్న నిన్ను గేదెదూడ అనుకున్నాడే," అంటూ ముడి విప్పింది. కాలు నిమిరి, కాసేపు ఆగి, మెల్లగా తోసింది. నీళ్లు తేలిగ్గా వెళ్లాయి. వాపు రాలేదు. ఇల్లు చేరేదాకా పాపకు మరో సూదిపోటు పడలేదు.

ఇప్పుడు పాప అన్నం ముద్దకు మూతి బిగిస్తే జయరాజు నోట్లో కుక్కడు. ముద్ద పళ్లెంలో పెట్టి, పన్ను వస్తోందా, చొక్కా మెడ పట్టేసిందా అని చూస్తాడు. ఆవేళ జేబురుమాలు మడిచి చేతికిస్తూ హన్నమ్మక్క చెప్పింది ఇంతే:

"అడ్డం తగిలితే తొయ్యమాకండి మాస్టారూ. ఏడ బిగిసిందో ముందు చూడండి."