నాగరత్నమ్మ గారి జింకు

మొన్న మధ్యాహ్నం ఖాజాగూడ వైపు ఎక్కడో బండ పేల్చారు. మా ఆఫీసు అద్దాలు సన్నగా అదిరాయి. ఎదుటి సీట్లలో పనిచేసే పిల్లలు తల కూడా ఎత్తలేదు. నా రెండు చేతులు మాత్రం వాటంతటవే బల్ల మీదికి వెళ్లి, అక్కడ లేని ఫ్లాపీల డబ్బాను గట్టిగా అదిమిపట్టాయి. ఈ అలవాటు డాక్టర్ నాగరత్నమ్మ గారిది. బండ పేలినప్పుడల్లా ఆవిడ మాట ఆపేసి, చప్పుడు అణిగేదాకా పసిపిల్లను జోకొట్టినట్టు ఆ డబ్బా మీద చేతులు వేసుకుని కూర్చునేవారు. తర్వాత "ఆ, యాడున్నాము?" అంటూ ఆగిన మాట దగ్గరే అందుకునేవారు.

తొంభైల చివరి సంగతి. మాదాపూర్‌లో రాళ్లు పగలగొట్టి మేడలు లేపుతున్న రోజులు. నేను నార్సింగి నుంచి బస్సులో వచ్చి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. తోటివాళ్లంతా రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు మరిచిపోకుండా చూసే పనిలో ఉంటే, నాకు ఎలుక కణాలు దక్కాయి. "మా స్వరూప కంప్యూటర్ల ఎలుకలు పడ్తది" అని మా అమ్మ వాడంతా చెప్పుకునేది.

నాగరత్నమ్మ గారిది నంద్యాల. ఒక పరిశోధనశాలలో ఎలుక మూలకణాలను పెంచేవారు. మూలకణమంటే, పెద్దయ్యాక ఏమవ్వాలో ఇంకా తేల్చుకోని కణం. మందు వేస్తే అది నాడీకణం అవుతుంది. అలా మారేటప్పుడు దానిలో లేశమాత్రంగా ఉండే ఇనుము, రాగి, జింకు ఎక్కడి నుంచి ఎక్కడికి కదులుతాయన్నది ఆవిడ ప్రశ్న. ఎండబెట్టిన కణాలను సన్నటి పొర మీద పరిచి వేరే ఊళ్లో ఉన్న పెద్ద యంత్రానికి పంపితే, అది చుక్క చుక్కనూ తడిమి ఎక్కడ ఏ లోహం ఎంతుందో అంకెలు ఇచ్చేది. ఆ అంకెలున్న ఫ్లాపీలను ఆవిడ మా ఆఫీసుకు తెచ్చేవారు. ఆ అంకెలను పటంగా గీయడం నా పని. మొదటి పటానికి నేను ఎరుపు, పసుపు, ఊదా దట్టంగా వేశాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఏందమ్మా ఇది, జాతరలో గాజులంగడి మాదిరుంది?"

కంపెనీ యజమాని ప్రసాదరావు గారికి మాత్రం ఆ గాజులంగడే నచ్చింది. జింకు పటం చూసి మరీ మురిసిపోయారు. కణం నుంచి నాడీతంతువు మొలిచే చోట జింకు గుత్తులు గుత్తులుగా మెరుస్తోంది. "మెదడు పుడుతున్నట్టే ఉందండీ! వచ్చేవారం డబ్బు పెట్టే పెద్దవాళ్లొస్తున్నారు, ఇదే చూపిద్దాం. వాళ్లు ఊఁ అంటే మన స్వరూపకి ఏళ్ల తరబడి పనుంటుంది," అన్నారు. అనకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాగరత్నమ్మ గారు పటాన్ని అనుమానంగా చూశారు. "ఇంత అందంగా ఉంటే నాకు నమ్మబుద్ధి కాదు. కణం లేనిచోట గీసి చూపీ."

గీశాను. కణం లేని ఉత్త పొర మీద కూడా జింకు చుక్కలు చుక్కలుగా తళతళలాడింది.

ఇక ఆ జింకు ఎక్కడి నుంచి వచ్చి పడుతోందన్న వేట మొదలైంది. ఆవిడ ల్యాబ్‌లోంచి జింకు పూత బకెట్ బయటికి పోయింది, చేతుల రబ్బరు తొడుగులు పోయాయి, అక్కడ పనిచేసే పిల్లల ఉంగరాలు, వాచీలు, తాయెత్తులు పోయాయి. ఆఖరికి మా ఆఫీసుకొచ్చి నా చెవుల వంక చూశారు.

"స్వరూపా, ఆ కమ్మలేంది?"

"మేడం, నేను కణాలను ముట్టనే ముట్ట. కంప్యూటర్ల ఉన్న అంకెలకు నా కమ్మలు అంటుకుంటయా?"

ఆవిడ నిజంగానే ఆలోచించారు. "అంటుకోవు. అయినా తీసెయ్."

పెద్దవాళ్లు వచ్చే రోజు పొద్దున మా ఆఫీసులో కరెంటు పోయింది. మే నెల. ఆవిడ సంచిలోంచి చెమటపొక్కుల పౌడరు డబ్బా తీసి మెడ మీద ధారాళంగా చల్లుకున్నారు. పొడి రాలి బల్ల తెల్లబడింది. ఊదబోయి ఆగిపోయారు. డబ్బా తిప్పి, సన్నక్షరాలు చదివి, నా చేతికిచ్చారు.

"నువ్వు చదువు."

"జింక్ ఆక్సైడ్, మేడం."

ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. "అందరి తాయెత్తులూ పీకిస్తిని గదే! ఆ పొర మీదికి రోజూ వంగేది నేనొక్కదాన్నే!"

ప్రసాదరావు గారు చేతులు జోడించారు. "ఈ ఒక్కరోజూ ఊరుకోండి మేడం. వాళ్లకేం తెలుస్తుందండీ?"

"వాళ్లకు తెలీదు. నాకు తెలిసిపాయ గదా, ఏం చేద్దాం?"

కరెంటు వచ్చింది, పెద్దవాళ్లూ వచ్చారు. తెర మీద నా పటం దేదీప్యమానంగా వెలిగింది. నాగరత్నమ్మ గారు లేచి నిలబడ్డారు. "చూసేదానికి శానా బాగుంది. కానీ ఈ జింకు కణంలోది కాదు. నా మెడది."

"మేడం జోకులేస్తారండీ," అని ప్రసాదరావు గారు ఒక్కరే నవ్వారు. ఆవిడ పౌడరు డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. పెద్దవాళ్లు జీడిపప్పు తిని, టీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

నన్ను తారీఖుల పనిలోకి మార్చారు. అది ముగిశాక ఏమిటన్నది ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం బస్సులో నాకు ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది. నిజం చెప్పిన పేరు ఆవిడకి, పోయే ఉద్యోగం నాకు!

వానాకాలంలో ఆవిడ మళ్లీ వచ్చారు. చేతిలో కొత్త కణాల అంకెలున్న ఒక్క ఫ్లాపీ, పౌడరు మానేసిన మెడ నిండా ఎర్రటి పొక్కులు. "మీ సారుకు చెప్పొద్దు, అన్నం తినే టైములో గీసిపెట్టు. రంగులొద్దు." బూడిదరంగులో గీశాను. ఉత్త పొర నల్లగా ఉంది. కణంలో, తంతువు మొదట్లో, ఉందా లేదా అన్నంత తెలుపు. ఆవిడ ముక్కు తెరకు ఆనించి చూశారు.

"గింతేనా మేడం?" అన్నాను.

"ఇంతే. కానీ ఇది కణందే," అంటూ తన మెడ గోక్కున్నారు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

ఆవిడతో పని అదే ఆఖరు. ఉద్యోగం కూడా ఎలాగో నిలబడింది. ఇప్పుడు నా కింద పిల్లలు పనిచేస్తున్నారు. ఈమధ్య ఒక అమ్మాయి కళ్లు చెదిరే గ్రాఫ్ తెచ్చింది. "ఇంత బాగుందంటే ఎక్కడో మన చెయ్యి పడుంటదమ్మా. ముందు నేను రాసిన ప్రోగ్రాం ముక్క చూడు," అన్నాను. చూసింది. తప్పు నాదే. మీటింగులో లేచి ఆ మాటే చెప్పి, అందరితో పాటు నవ్వాను. కానీ సాయంత్రం దాకా ఆ ముక్కనే పదేపదే తెరిచి చూసుకుంటూ చిన్నబోయాను. అంత నవ్విన నాగరత్నమ్మ గారు కూడా ఆ రోజు లోపల ఇలాగే చిన్నబోయి ఉంటారని, ఇన్నేళ్లకు నాకు తోచింది.