పెనం లేని చోట చెమట

నాకు ఒంట్లో ఆవిర్లు మొదలైంది నలభై ఏడో ఏట. అవి ఆవిర్లని తెలియడానికే ఆర్నెల్లు పట్టింది, ఎందుకంటే నా పనే పొయ్యి దగ్గర. బెంగళూరు కుందలహళ్ళిలో మాకో చిన్న టిఫిన్ అంగడి ఉంది. మా ఆయన గల్లా, టీ చూసుకుంటాడు. నేను దోసెలు పోస్తాను. ముఖం ఎర్రబడి మెడ వెనక చెమట కారితే ఎవరికి అనుమానం వస్తుంది? మా ఆయన గోడకు ఇంకో ఫ్యాను బిగించాడు.

నెలసరి అప్పటికే గాడి తప్పింది. ఒకసారి ఇరవై రోజులకే వచ్చేది, ఇంకోసారి రెండున్నర నెలలైనా వచ్చేది కాదు. అట్లా ఆలస్యమైనప్పుడు, దాచుకోవడమెందుకు, గర్భమేమోనని భయపడ్డాను. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో చదువుతోంది. గర్భపరీక్ష కిట్టు కొనడానికి మా వీధి మందుల షాపు వదిలి, రెండు వీధులు దాటి పోయాను. ఏమీ లేదని తేలాక ఊపిరి పీల్చుకుని ఆ సంగతి అంతటితో వదిలేశాను.

తక్కినవాటికీ ఏదో ఒక కారణం చెప్పుకుంటూ పోయాను. మోకాళ్ళ నొప్పులంటే గంటలకొద్దీ నిలబడడం వల్ల. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందంటే అంగడి దిగులు వల్ల. రెండు మసాలా, ఒక సెట్ దోసె అని చెబితే పెనం వైపు తిరిగేలోగా మరిచిపోతున్నానంటే వయసు వల్ల. ఒకరోజు ఎవరో కుర్రాడు మూడోసారి చట్నీ అడిగాడని అందరి ముందూ కసిరాను. ఆ వెంటనే వెనక్కి పోయి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

మా దగ్గర చట్నీలు రుబ్బే ఆవిడది ముళబాగిలు వైపు. అరవై దాటిన మనిషి. నేను పెద్దమ్మా అంటాను. ఒక మధ్యాహ్నం ఇద్దరం కొత్త గిన్నెలు కొనడానికి మెట్రోలో బయలుదేరాం. బోగీలో చలి, పక్కనున్నవాళ్ళు పైట కప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి నా రొమ్ము దగ్గర పుట్టిన సెగ మెడకూ చెవులకూ పాకింది. రవిక తడిసిపోయింది. గుండె దడదడలాడింది.

"ఏమ్మా, జ్వరమా?" అంది పెద్దమ్మ.

"లేదు, పొయ్యి వేడి," అన్నాను అలవాటుగా.

"రైల్లో పొయ్యి యాడుండాది?"

ఆవిడ గొంతు తగ్గించింది.

"ముట్టు సరిగ్గా వస్తా ఉండాదా?"

"లేదు పెద్దమ్మా."

"నిద్దర?"

"సగంలోనే పోతా ఉండాది."

"ఊరికే ఏడుపొస్తాదా?"

తలూపాను.

"ముట్లు నిలిచే కాలంలే. నాకూ ఇట్లే అయ్యింది. అయినా నా మాట నమ్ముకోని కూచోవద్దు, డాక్టరమ్మకు చూపించుకో. మా చెల్లెలు ఇదే అనుకోని, రక్తం పోతా ఉన్నా ఊరుకునింది. కడకు గర్భసంచిలో గడ్డని తేలింది."

ఆ వారమే మా ఆయన్ను వెంటబెట్టుకుని పోయాను. డాక్టరమ్మది గుంటూరు వైపు. నేను చెప్పినవన్నీ రాసుకుంది. నేను చెప్పలేకపోయినదాన్ని, కలయికప్పుడు మంటగా ఉంటోందా అని ఆవిడే అడిగింది. దానికీ మందుందట.

"ఇవన్నీ మెనోపాజ్ ముందు కామన్‌గా వచ్చేవేనండీ," అంది. "కానీ గుండె దడ థైరాయిడ్‌కీ వస్తుంది, రక్తం తక్కువైనా వస్తుంది. టెస్టులు చేద్దాం. వరుసగా పన్నెండు నెలలు పీరియడ్స్ రాకపోతే పూర్తిగా ఆగిపోయినట్టు. ఆ తర్వాత ఒక్క చుక్క కనబడినా వెంటనే రండి. ఇప్పుడు బ్లీడింగ్ బాగా ఎక్కువైనా అంతే, ఆగొద్దు."

థైరాయిడ్ బాగానే ఉంది. రక్తం తక్కువుందని ఇనుము మాత్రలిచ్చింది. ఆవిర్లు మరీ ఇబ్బంది పెడితే వాటికీ మందులున్నాయి, అప్పుడు చూద్దామంది.

బయటికొచ్చాక మా ఆయన మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాతో చెప్పుంటే బాగుండేది కదా," అన్నాడు.

"ఏమని చెప్పేది? నాకే తెలీదు."

మరుసటి రోజు నుంచి పొద్దున ఎనిమిదిన్నరకు కాసేపు నన్ను పక్కకు పొమ్మని ఆయనే గరిటె పట్టుకునేవాడు. ఆయన దోసెలు అంచుల్లో చిరిగేవి. తినేవాళ్ళు తిన్నారు.

ఆవిర్లు ఇంకో రెండేళ్ళు వచ్చాయి. పేరు తెలిసినందుకు వేడి తగ్గలేదు గానీ, భయం పోయింది. మా అమ్మాయికి అన్నీ వివరంగా చెప్పాను. మా అమ్మకు ఫోన్ చేసి, నీకెట్లా అయిందమ్మా అని అడిగాను.

"మమ్మల్ని ఎవురడిగినారు?" అంది.

ఆ తర్వాత అరగంట సేపు ఆపకుండా చెప్పింది.